డెబ్బై రెండు గంటల్లో వచ్చి చెప్తే

మా చిన్నాడు ఇంజనీరింగ్ మొదటి ఏడాది అయిపోయి సెలవులకి వచ్చినప్పుడు రోజూ హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక అమెరికా పాఠం చూసేవాడు. నేను పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వినేదాన్ని. బీఏ తెలుగు చదివినదాన్ని, నాకేం అర్థమవుతుందిలే అనుకున్నాను గానీ, ఒకరోజు ఆ మాస్టారు లావుపాటి ఫోన్ డైరెక్టరీని మధ్యకి చించేసి, ఉన్న సగంలో మళ్ళీ సగం చించి, ఒక పేరు ఎలా వెతకాలో చూపిస్తుంటే చేతిలో కాయలు వదిలేసి చూశాను.

అది హార్వర్డ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు. పేరు సీఎస్50. డేవిడ్ మాలన్ గారు 2007 నుంచి చెప్తున్నారు. ఆయన కూడా విద్యార్థిగా రాజనీతి శాస్త్రం చదవడానికి వచ్చి, జంకుతూనే ఈ కోర్సులో కూర్చున్నవారే. ఈ పాఠాలు ఇంటర్నెట్లో ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు. మొదటి వారాన్ని వీళ్ళు సున్నా వారం అంటారు, కంప్యూటర్ లెక్కపెట్టడం సున్నా నుంచి కదా అని. సరదాగా అనిపించింది.

నన్ను పట్టుకున్నవి మాత్రం పాఠాలు కాదు, ఆ కోర్సుకి పెట్టుకున్న నియమాలు. వాడు చదివి చెప్పాడు. కాపీ విషయంలో వాళ్ళు ముందు చెప్పేది ఒక్కటే, సబబుగా నడుచుకో అని. తోటివాళ్ళతో నోటిమాటగా ఎంతైనా చర్చించుకోవచ్చు. సాయం కావాలంటే నీ ప్రోగ్రాం అవతలివాళ్ళకి చూపించవచ్చు, వాళ్ళది మాత్రం నువ్వు చూడకూడదు. నాకిది వెంటనే అర్థమైంది. పక్కింటి వదినగారికి మన చారు రుచి చూపించి ఉప్పు సరిపోయిందా అని అడగొచ్చు. ఆవిడ చారు తెచ్చి మన గిన్నెలో పోసుకుని, నేనే కాచాను అనకూడదు.

ఆ తర్వాత చదివిన నియమం దగ్గర వాడి గొంతు కాస్త తగ్గింది. 2014లో పెట్టారట దాన్ని. ఎవరైనా తప్పు చేసి, ఆ తర్వాత మనసు పీకి, డెబ్బై రెండు గంటల్లోపల తమంతట తాము వచ్చి చెప్పుకుంటే, ఆ పనికి సున్నా వేయడంలాంటి శిక్ష కోర్సులోనే వేస్తారు. పైవాళ్ళకి, అంటే క్రమశిక్షణ చూసే సంఘానికి పంపించరు. దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా పశ్చాత్తాపం అన్న అర్థం వచ్చేదే.

చదవడం అయ్యాక వాడు నా వైపు చూడలేదు. నేనూ వాడి వైపు చూడలేదు. ఎందుకో మీకు చెప్పాలి.

అంతకు రెండు నెలల ముందు, రెండో సెమిస్టర్‌లో, వాళ్ళకి సి ప్రోగ్రామింగ్ లాబ్‌లో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. వీడూ, ఇంకో ముగ్గురూ ఒక సీనియర్ రాసినది తీసుకుని పేర్లు మార్చి ఇచ్చేశారు. ఆ రాత్రే హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, ఒక తప్పు చేశాను" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. నేను ముందు తిట్టాను. ఎంత తిట్టానంటే, మధ్యలో వాడు "చెప్పకుండా ఉంటే పోయేది" అన్నాడు. తిట్లు అయ్యాక వాడే అన్నాడు, రేప్పొద్దున సార్ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను, మళ్ళీ సొంతంగా రాసి ఇస్తాను అని.

నేను వద్దన్నాను.

అవును, నేనే. "నోరు మూసుకుని ఊరుకో, ఆయన హెచ్‌ఓడీకి చెప్తే నీ పేరు పాడవుతుంది, మిగతా ముగ్గురూ నీ మీద పడతారు" అన్నాను. పిల్లాడిని కాపాడుకుంటున్నాననే అనుకున్నాను. వారం తిరక్కుండా దొరికిపోయారు. ఆ సీనియర్ ప్రోగ్రాంలో ఒక ఇంగ్లీషు మాటకి స్పెల్లింగ్ తప్పుందట. నలుగురి దాంట్లోనూ అదే తప్పు అలాగే ఉంది! నలుగురికీ ఇంటర్నల్ మార్కుల్లో కోత, తల్లిదండ్రులకి కబురు. మావారు సెలవు పెట్టి వెళ్ళొచ్చారు. అక్కడ వాళ్ళు ఈయనతో అన్న మాట ఒక్కటే, "ముందే వచ్చి చెప్పి ఉంటే బాగుండేదండీ" అని. ఈయన ఇంటికొచ్చి నాకు ఆ మాట చెప్తుంటే నేను పప్పులో తాలింపు మాడ్చేశాను. అప్పటిదాకా ఆయనకి నేను చెప్పలేదు, వాడు చెప్తానంటే ఆపింది నేనేనని. వాడూ చెప్పలేదు. నన్ను కాచుకున్నాడు.

కాలేజీది తప్పని అనను. అయితే ముందే వచ్చి చెప్తే ఏమవుతుందో వాళ్ళు ముందే రాసి పెట్టలేదు. దొరికితే ఏమవుతుందో మాత్రం నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉందట. పిల్లవాడు ఏ లెక్క వేసుకుంటాడు? దొరక్కపోవచ్చు అన్న లెక్కే వేసుకుంటాడు. మన ఇళ్ళు మాత్రం తక్కువ తిన్నాయా? గ్లాసు పగిలిందని వచ్చి చెప్పిన పిల్లకి వీపు మోగుతుంది. ముక్కలు ఊడ్చి పడేసి నోరెత్తని పిల్లకి ఏమీ కాదు, మహా అయితే పనిమనిషి మీదకి పోతుంది.

మావారు ఈ నియమం వినగానే, "తప్పు చేసి, మూడో రోజున వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వదిలేస్తారా? బాగుందే" అన్నారు. వదిలెయ్యరండీ. సున్నా సున్నాయే. తప్పుకి కూలి అక్కడికక్కడ ఇచ్చేసి, దాన్ని వాడి నుదుటి మీద రాయకుండా ఆపుతారు, అంతే. ఆ నియమం వల్ల అక్కడ కాపీలు ఆగిపోయాయని కూడా నేను అనను. 2016 బ్యాచ్‌లో అరవై మందికి పైగా విచారణదాకా వెళ్ళారని అక్కడి విద్యార్థుల పత్రికే రాసింది. నియమం పెట్టిన రెండేళ్ళకి! ఎత్తుకొచ్చేవాళ్ళు ఎత్తుకొస్తూనే ఉంటారు. నాకు కావలసింది వాళ్ళ లెక్క కాదు. రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుని, ఎవరికి చెప్పాలో తెలియక గోళ్ళు కొరుక్కునే ఒక్క పిల్లవాడికి పొద్దున్నే తట్టడానికి తలుపు ఉందా లేదా అన్నదే.

అన్నట్టు, మా బీఏ రోజుల్లో సందర్భసహిత వ్యాఖ్యలన్నీ గైడులోంచి బట్టీపట్టి దింపేవాళ్ళం. క్లాసు క్లాసంతా ఒకే వాక్యాలు. దాన్ని కాపీ అనాలని కూడా మాకు తెలియదు. ఎక్కడిదాకా సబబో ముందుగా కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పిల్లలకి ఏది అడిగినా రాసిచ్చే ఏఐ చేతిలో ఉంది, ఆ గీత ఇంకా చెరిగిపోయింది. సీఎస్50 వాళ్ళు ఆ గీతని కూడా తేల్చి గీశారు. బయటి చాట్‌జీపీటీ లాంటివి వాడకూడదు, 2023 నుంచి తాము ఇచ్చిన బాతు బొమ్మ ఏఐని అడగొచ్చు. అది జవాబు చేతిలో పెట్టకుండా దారి చూపిస్తుందట.

ఆ సాయంత్రమే మావారికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. డెబ్బై రెండు గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడు నాకు చెప్పలేదే" అన్నారు. రెండు రోజులు ముభావంగానే ఉన్నారు. అది నాకు రావలసిందే.

ఇంట్లో ఈ నియమం పెట్టాం గానీ, నడపడం పెట్టినంత సులువు కాదు. పోయిన నెల వాడు ఫోన్ చేసి, మెస్ బిల్లుకి పంపిన డబ్బులో రెండు వేలు స్నేహితులతో సినిమాలకీ, బిర్యానీలకీ అయిపోయాయన్నాడు. నేను యథాప్రకారం గొంతెత్తాను. అవతల వాడు ఏమీ అనకుండా ఆగి, "అమ్మా, నిన్ననే అయ్యాయి" అన్నాడు.

ఆ రెండు వేలూ వచ్చే రెండు నెలల పాకెట్ మనీలో కోస్తున్నాను. మావారికి వాడే చెప్పాడు.