జబ్బు రాకముందే సర్కారు రావాలి

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. పేదింటికి అది పెద్ద ఆసరా. అయితే కామారెడ్డి జిల్లా తాడ్వాయిలో ఒక రైతు తనకు బీపీ ఉందని తెలియకుండానే ఏళ్లు గడిపి, ఒకనాడు పక్షవాతంతో కుప్పకూలితే ఆ పథకం ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది కానీ, పడిపోయిన చెయ్యిని తిరిగి తెచ్చి ఇవ్వలేదు. నెలనెలా పరీక్ష, రోజుకో గోలీ అంది ఉంటే ఆ చెయ్యి నాగలి విడిచేది కాదు. వైద్య విధానంలో నివారణకే పెద్దపీట వేయాలి.

ఇది కొత్త మాటేమీ కాదు. ఆరోగ్యానికి వెచ్చించే ప్రభుత్వ నిధుల్లో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ప్రాథమిక వైద్యానికే దక్కాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2025 నాటికి ఆరోగ్యంపై మొత్తం ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని గడువు పెట్టింది. గడువు దాటిపోయింది, లక్ష్యం మాత్రం అందలేదు.

తిండి, తాగుడు, అలవాట్లు ఎవరి బాధ్యత వారిదే కదా, సర్కారు ఏం చేస్తుందని కొందరు వాదిస్తారు. ఈ ప్రాంతాన్ని చూసినవారెవరూ ఆ వాదనను ఒప్పుకోలేరు. ఇక్కడి పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, నడుము వంచి, తంబాకు దుమ్ము పీలుస్తూ బీడీలు చుడుతున్నది సరదాకు కాదు, ఇల్లు గడవడానికి. జొన్నరొట్టె, గట్క తిన్న ఇళ్లలో మూడు పూటలా అన్నమే మిగలడం వెనుక రేషన్ దుకాణం ఉంది. 2025 ఉగాది నుంచి ప్రభుత్వం మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. ఆకలి తీర్చే ఆ చేత్తోనే జొన్నలు కూడా ఇవ్వాలి కదా! ఇక తాగుడు సంగతి. 2025 ఏప్రిల్‌లో ఇదే జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పోషకాహారాన్ని, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం, మత్తు పదార్థాలను అరికట్టడం రాజ్యం విధి అని రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతుంటే, బెల్టు షాపులను చూసీచూడనట్టు వదిలేయడం ఏ విధానం?

చేయాలన్న పట్టుదల ఉంటే ఈ రాష్ట్రం చేయగలదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు ఊరూరా తిరిగి కోటి మందికి పైగా కళ్లు పరీక్షించింది. కంటికి చేసిన పనిని గుండెకు, మూత్రపిండాలకు ఎందుకు చేయకూడదు?

అందుకే మేం అడుగుతున్నాం. తాడ్వాయి మండలంలో 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏటా బీపీ, షుగర్ పరీక్షలు జరగాలి. జబ్బు బయటపడ్డవారి గోలీలు ఒక్క నెల కూడా తప్పకూడదు. బీడీ కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి, వాళ్ల ఆడపిల్లలకు వేరే ఉపాధి నేర్పాలి. రేషన్‌లో కోరుకున్నవారికి జొన్నలు ఇవ్వాలి. 2023లో కామారెడ్డికి వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల తన విద్యార్థులు దత్తత తీసుకోవాల్సిన కుటుంబాలను ఈ మండలం నుంచీ ఎంచుకోవాలి. ఈ పనులు మోసే ఆశా కార్యకర్తలకు గౌరవ వేతనం సకాలంలో అందాలి. ఎంతమందికి పరీక్ష జరిగింది, ఎందరి బీపీ అదుపులోకి వచ్చింది అన్న లెక్కను ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలి.

ఆసుపత్రులకు చెల్లించిన బిల్లుల మొత్తాన్ని ఘనతగా చెప్పుకునే ప్రభుత్వాలు, ఆసుపత్రి అవసరమే రాని కుటుంబాలెన్నో కూడా చెప్పాలి. వచ్చే బడ్జెట్‌లో నివారణకు విడిగా పద్దు, దానికి తగిన నిధులు కనిపించాలి. మన ఎమ్మెల్యేలు శాసనసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.