జెండా పరాయిదే, ఏజెంటు మాత్రం మన బజారువాడే

చిత్తూరులో సముద్రం లేదు. 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాకు తీరం దక్కినా, జహాజ్ కొలువు సంగతులు మన ఖాందాన్లలో చాలామందికి ఇంకా తెలీవు. ఆ తెలీకపోవడమే ఏజెంటుకు పెట్టుబడి. "లక్షలు కట్టండి, మీవాడిని ఓడ ఎక్కిస్తా" అంటాడు. అమ్మీ నగలు తాకట్టుకు వెళ్తాయి, అబ్బా కర్జ్ తెస్తాడు.

జనాబ్, ఆ సొమ్ము అడగడమే జుల్మ్! 2015లో మన దేశం ఆమోదించిన సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, కొలువు ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, నావికుడి గుర్తింపు పుస్తకం అంటే సీడీసీ, వీటి ఖర్చు మాత్రమే అతనిది. మనుషుల్ని ఓడలకు పంపే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉండాలి, అది బ్యాంకు గ్యారంటీ కూడా ఇవ్వాలి.

ఓడ ఎక్కాక ఇంకో ముసీబత్. కనీసం రెండు నెలల తన్ఖా ఎగ్గొట్టినా, తిండీ నీళ్లూ ఇవ్వకపోయినా, ఇంటికి చేర్చకపోయినా, ఆ ఒప్పందం దృష్టిలో నావికుణ్ణి గాలికొదిలేసినట్టే. అప్పుడు ఓడ యజమాని చేయించిన బీమా నుంచి నాలుగు నెలల వరకు బకాయి జీతం, ఇంటికి చేరే ఖర్చు రావాలి. 2024లో 312 ఓడల్లో 3,133 మందిని ఇలా వదిలేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క. వారిలో 899 మంది హిందుస్తానీలు. ఏ ఇతర దేశం వాళ్లూ ఇంతమంది లేరు.

"ఓడ మీద పరాయి జెండా ఉంది, మన ఖానూన్ అక్కడ ఏం చేస్తుంది?" అంటారు కొందరు. సరే, జెండా పనామాదే అనుకుందాం. రసీదు లేకుండా డబ్బు గుంజినవాడి దుకాణం ఎక్కడుంది? మన బజారులోనే కదా! వాడి మీద కేసు పెట్టడానికి పనామా జెండా ఎలా అడ్డొస్తుంది?

1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. మంచిదే. కానీ డీజీ షిప్పింగ్ ఉన్నది ముంబైలో. కొడుకు జీతం కోసం పలమనేరు తల్లి ముంబై దాకా వెళ్లాలా? తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలోనే ఫిర్యాదు తీసుకునే బల్ల ఒకటి పెట్టాలి. లైసెన్స్ ఉన్న ఏజెన్సీల జాబితా తెలుగులో, ఉర్దూలో గోడకు అంటించాలి. లైసెన్స్ లేనివాడి మీద పోలీసులు తామే కేసు కట్టాలి.

మొహల్లా పెద్దలకు ఒక మాట. "సగం తిరిగిచ్చేయ్, గొడవ వద్దు" అని ఏజెంటుతో రాజీ చేయించడం ఇన్సాఫ్ కాదు. మొత్తం సొమ్ము ఆ కుటుంబం హక్కు. సగంతో సరిపెట్టారంటే మిగతా సగంతో వాడు పక్క వీధిలో ఇంకో పిల్లాడిని వెతుక్కుంటాడు.