కొంగ బొమ్మ సైకిలు

పోయిన సంచికలో మా వాకిట్లో కరివేపాకు మొక్క గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేసి, "మొక్క బతికిందా?" అని అడిగారు. బతకలేదండీ. ఆ కుండీ ఉన్న చోట ఇప్పుడొక సైకిలుంది. ఈసారి దాని కథ.

మేముండేది మఫ్రఖ్‌లో. ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, మఫ్రఖ్ అంటే అరబ్బీలో దారులు చీలే చోటు. అబుదాబి దీవి నుంచి వచ్చిన రోడ్డు ఇక్కడే దుబాయ్ వైపొకటి, అల్ ఐన్ వైపొకటి, సౌదీ సరిహద్దు ఘువైఫాత్ వైపొకటిగా విడిపోతుంది. మా అమ్మాయి పుట్టిన పాత మఫ్రఖ్ ఆసుపత్రి 2019లో షేక్ షఖ్‌బూత్ మెడికల్ సిటీ పేరుతో కొత్త భవనాల్లోకి మారిపోయింది. దగ్గర్లోనే ముసఫ్ఫా గ్యారేజీలూ, గోడౌన్లూ, కార్మికుల క్యాంపులూ. ఊరు చూపించమని వచ్చిన చుట్టాలని ఎవరూ మా వైపు తీసుకురారు. కానీ పాత ఇనుము కావాలంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు.

నవంబరులో కారు ఏసీ బాగుచేయించడానికి ముసఫ్ఫా వెళ్ళాను. "గంట పడుతుంది" అన్నాడు మెకానిక్. ఇక్కడ గంట అంటే ఎంతో మీకు తెలుసు. అటూ ఇటూ తిరుగుతుంటే పాత సామాన్ల కొట్టు ముందు, రెండు ఫ్రిజ్‌ల మధ్య, పొడుగాటి సైకిలొకటి కనిపించింది. మట్టి కొట్టుకుపోయి రంగు తెలియడం లేదు. చైన్‌వీలు మీద మాత్రం మూడు కొంగ తలలు స్పష్టంగా ఉన్నాయి. ఆ కొంగ ఇంగ్లండులో ర్యాలీ కంపెనీని పెద్దది చేసిన ఫ్రాంక్ బౌడెన్ గారి కుటుంబ చిహ్నమట. అది నాకు ఈమధ్యే తెలిసింది గానీ, ఆ మూడు కొంగలు మాత్రం చిన్నప్పట్నుంచీ తెలుసు. తెనాలిలో మా తాతయ్య కొని, నాన్నకిచ్చిన సైకిలు మీద అవే ఉండేవి. నాన్న స్కూలుకి దాని మీదే వెళ్ళేవాడు. 1993 వేసవిలో అది సినిమా హాలు దగ్గర పోయింది. ఎలా పోయిందో తర్వాత చెబుతాను.

కొట్టు యజమాని నూట యాభై దిర్హాములన్నాడు. నూట ఇరవైకి ఇచ్చాడు. ఇంటికి తెస్తే మా ఆవిడ ఒకసారి చూసి, "ఏసీ అయిందా?" అని మాత్రం అడిగింది.

డిసెంబరులో నాన్న వచ్చాడు. ఆయనకిప్పుడు డెబ్భై ఆరు. వచ్చిన మర్నాడే షెడ్డులోకి వెళ్ళి, ముందు చక్రం పైకెత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత ఫ్రేము అంతా గోటితో కొట్టుకుంటూ వచ్చాడు. "ఫ్రేము గట్టిగా ఉందిరా. మిగతాదంతా ఓవరాయిలింగ్" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! మా వాడికి పదకొండేళ్ళు. వాడికి సైకిలంటే పొగాచర్. మన యూఏఈ జట్టు తరఫున టూర్ డి ఫ్రాన్స్ నాలుగుసార్లు గెలిచినవాడు. ఆ కార్బన్ సైకిళ్ళ పక్కన దీన్ని చూసి, "తాతయ్యా, ఇది గేటుతో చేశారా?" అన్నాడు.

అలా శనాదివారాల పని మొదలైంది. అమ్మాయి ఫోటోలు తీసి, విప్పిన ప్రతి ముక్కనీ సంచిలో వేసి నంబరు రాసింది. అదే లేకపోతే ఈ వ్యాసం ఉండేది కాదు, షెడ్డులో ఇనుప ముక్కలుండేవి. నాన్నకి మొదటి రోజే కోపం వచ్చింది. "కిరసనాయిలు ఏదిరా?" అంటే దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పలేకపోయాను. "నూనె బావుల దేశంలో ఉండి కిరసనాయిలు లేదా?" అన్నాడు. ఒక డబ్బాడు డీజిలుతో సర్దుకున్నాం.

వెనక చక్రం హబ్బు మీద మురికి తుడిస్తే స్టర్మీ ఆర్చర్ అనే పేరు, 62, 5 అనే అంకెలు కనిపించాయి. ఈ కంపెనీ వాళ్ళు ప్రతి హబ్బు మీదా తయారైన సంవత్సరం, నెల కొట్టేవాళ్ళు. అంటే 1962 మే. నాన్న కంటే పదమూడేళ్ళు చిన్నది. మూడు గేర్లూ ఆ డబ్బా లోపలే ఉంటాయి. మధ్యలో ఒక పళ్ళ చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, బయట పళ్ళ గాజు. రెండో గేరులో చైన్‌ ఎంత తిప్పితే హబ్బు అంతే తిరుగుతుంది. మూడోదానిలో మూడో వంతు ఎక్కువ, ఒకటోదానిలో పావు వంతు తక్కువ. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగినట్టని చెబితే మావాడు మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు. విప్పుదామని నాకు చేతులు దురద పెట్టాయి. ఎం.సి.ఏ. చదివి ఇరవై ఏళ్ళు కంపెనీల పాత సిస్టంలు చూసినవాణ్ణి కనక ఆగాను: నడుస్తున్నదాన్ని, ఎలా నడుస్తోందో తెలిసేదాకా ముట్టుకోకూడదు. హబ్బుకున్న చిన్న మూత తీసి నూనె పోసి రెండు రోజులు వదిలేశాం. మూడో రోజు తిప్పితే టిక్ టిక్ టిక్‌మంది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా వచ్చి చూసింది.

తర్వాత రంగు గొడవ. మావాడికి మెరిసే ఎరుపు కావాలి. నాకూ ముసఫ్ఫాలో పౌడర్ కోటింగ్ చేయిద్దామనే ఉంది, రెండు రోజుల్లో కొత్త సైకిలవుతుంది. నాన్న ఏమీ అనకుండా సబ్బునీళ్ళతో కడిగి, పాత బనియను గుడ్డతో కొబ్బరినూనె రుద్దడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ముదురాకుపచ్చ రంగు బయటపడింది. మడ్‌గార్డు అంచుల వెంట సన్నటి బంగారు గీతలు! "ఈ గీతలు మళ్ళీ ఎవడు గీస్తాడు?" అన్నాడు. అంతే, రంగు మాట ఆగిపోయింది. తుప్పు మాత్రం తీశాం. రిమ్ములకి నీళ్ళలో ముంచిన అల్యూమినియం ఫాయిలుతోనూ, ముందున్న బ్యాడ్జీకి అమ్మమ్మల కాలం నాటి చింతపండుతోనూ. రెంటిలో చింతపండే గెలిచిందని మా ఆవిడ తీర్పు.

అసలు చిక్కు ఫెడల్ యాక్సిల్ దగ్గర వచ్చింది. బీబీ కప్పు ఒకటి గీతలు పడి ఉంది. లోకంలో చాలా సైకిళ్ళకి ఆ కప్పు మర అంగుళానికి ఇరవై నాలుగు చుట్లుంటే, నాటింగ్‌హామ్ ర్యాలీకి ఇరవై ఆరు. మా విడి భాగాలు మా దగ్గరే కొనండి అన్నమాట. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ తెలివి కొత్తేమీ కాదు. అక్కడ సైకిళ్ళ తయారీ 2002లోనే ఆగిపోయింది. అబుదాబిలో పెద్ద సైకిలు షాపుకి వెళితే, ఇరవై వేల దిర్హాముల సైకిళ్ళ మధ్య నిలబడ్డ కుర్రాడు నా చేతిలో కప్పుని దుమ్ములో దొరికిన నాణెంలా చూశాడు. ఇరవై ఎనిమిది ఇన్‌టూ ఒకటిన్నర టైర్లు కూడా లేవన్నాడు.

టైర్లు ఎక్కడ దొరికాయో తెలుసా? మా ఇంటికి పది నిమిషాల దూరంలో, కార్మికుల క్యాంపుల దగ్గరున్న చిన్న కొట్లో. అక్కడ వాళ్ళు తొక్కే చైనా సైకిళ్ళదీ అదే సైజు. 2021లో సైక్లింగ్ ప్రపంచ సమాఖ్య అబుదాబిని ఆసియాలోనే మొదటి బైక్ సిటీగా గుర్తించింది. అల్ వత్‌బా ట్రాకు మీద మనవాళ్ళు చాలామంది తొక్కుతున్నారు, సంతోషం. కానీ నేను మఫ్రఖ్‌లో ఇన్నేళ్ళుంటూ, తెల్లారకముందే రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకుని సైకిళ్ళ మీద డ్యూటీకి వెళ్ళేవాళ్ళని కారు అద్దంలోంచి చూడటమే తప్ప, వాళ్ళ సైకిలు కొట్టుకి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ కొట్లో ఒక కుర్రాడు నా ఫోను మాటలు విని, "తెలుగా సార్?" అన్నాడు. జగిత్యాల దగ్గర ఊరు. స్కాఫోల్డింగ్ పని. రూములో వాళ్ళందరి సైకిళ్ళూ అతనే చూస్తాడట. కప్పు వేలితో తడిమి, "గిది మార్చుడు అవసరం లేదు సార్. గోళీలు మారిస్తే సాలు. కొత్త గోళీలు వేసి గ్రీజు వెట్టున్రి" అన్నాడు. పక్కకి పదకొండు, పావు అంగుళం గోళీలు. శుక్రవారం పని తొందరగా అయిపోయాక తనే వచ్చాడు. కాటర్ పిన్నుని కింద చెక్క ఆనించి ఒక్క దెబ్బకి తీశాడు. నేను అంతకు ముందు రెండు వారాలు దాన్ని బతిమాలాను. నాన్నని "బాపూ" అన్నాడు. ఇద్దరూ కూర్చుని పుల్లలు బిగించి రిమ్ము బెండు తీశారు. మాటల్లో, క్యాంపు దగ్గర తన సైకిలు రెండుసార్లు పోయిందని, రెండోసారి పోయినప్పుడు నెలంతా పనికి నడిచే వెళ్ళానని చెప్పాడు. అందుకే వెళ్ళేటప్పుడు, "బాపూ, తాళం పెట్టున్రి" అని వెనక చక్రానికి బిగించే గుండ్రటి తాళం ఒకటిచ్చాడు. డబ్బులు తీసుకోనంటే నాన్న బలవంతంగా జేబులో పెట్టాడు.

ఇక్కడే నాకు కష్టం వచ్చింది.

మర్నాడు నాన్న ఆ తాళం బిగిస్తూ పిల్లలకి పాత ర్యాలీ కథ చెప్పాడు. "మీ డాడీ సినిమాకెళ్ళి స్టాండులో పెడితే, స్టాండువాడు పోగొట్టాడు. చూస్తే మంచివాడిలాగే ఉండేవాడు." మావాడు "సీసీటీవీ లేదా?" అన్నాడు.

నేను స్టాండులో పెట్టలేదు. అర్ధరూపాయి మిగిలితే సోడా తాగొచ్చని పక్క సందులో గోడకి ఆనించి లోపలికి పోయాను. తాళం కూడా వేయలేదు. బయటికొచ్చేసరికి లేదు. పదమూడేళ్ళవాణ్ణి, ఇంటికి నడిచి వచ్చేలోపు కథ తయారుచేసుకున్నాను: స్టాండులో ఇచ్చాను, తెలిసినవాడినని టోకెను ఇవ్వలేదు. నాన్న నన్ను వెంటబెట్టుకుని హాలుకి వెళ్ళాడు. స్టాండు మనిషి నా మొహంలోకి చూసి, "బాబూ, నాకిచ్చావా నువ్వు?" అన్నాడు. ఇచ్చానన్నాను. మేనేజరు మేష్టారి మాటే నమ్మాడు. ఆ మనిషి జీతంలోంచి నెలకి నలభై రూపాయల చొప్పున ఎనిమిది నెలలు కోసి నాన్నకిచ్చారు. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి నాన్న అట్లాస్ కొన్నాడు. 1951లో సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసిందని పేపర్లో చదివినప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది ఆ మనిషి మొహమే. అయినా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు షెడ్డులో, పిల్లల ముందే, చెప్పేశాను.

నాన్న స్పానరు కింద పెట్టాడు. "ఎనిమిది నెలలు కదూ?" అన్నాడు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు అవసరమైతేనే మాట్లాడాడు. మూడో రోజు కాఫీ తాగుతూ, "అతనికి అప్పటికే ఇద్దరు పిల్లలు" అన్నాడు. రాత్రి మా ఆవిడ, "ఇన్నేళ్ళూ మీకు నిద్రెలా పట్టింది?" అని అడిగింది. నిజం చెప్పాలంటే బాగానే పట్టింది. ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నది ఆ సంగతే.

సైకిలు జనవరి చివరికి పూర్తయింది. సీటుకి కొత్త తోలు వేయలేదు, చైన్ కవరు మీద సొట్ట తీయలేదు. మావాడు హెల్మెట్టూ, రిఫ్లెక్టర్ జాకెట్టూ వేసుకుని సందు చివరిదాకా తొక్కి వచ్చాడు. రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఒకసారి ఫెడలు ఉత్తినే తిరిగిపోయి వాడి మోకాలు బారుకి కొట్టుకుంది. గేరు తీగ ఇంకాస్త సర్దాలి. నాన్న ఎక్కలేదు. ముందు వారం దాకా, ఎడమ కాలు ఫెడలు మీద పెట్టి రెండు గెంతులేసి ఎక్కి చూపిస్తానన్నవాడే, మోకాళ్ళు నొప్పులన్నాడు.

ఫిబ్రవరిలో తెనాలి వెళ్ళాక వారం రోజుల్లో ఫోన్ చేశాడు. హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారట. పక్క సందులో సోడా కొట్టు మాత్రం ఉంది, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. స్టాండు మనిషి బతికే ఉన్నాడనీ, చీరాలలో కూతురి దగ్గర ఉంటున్నాడనీ అతను చెప్పాడట.

"ఎంత పంపమంటావు నాన్నా?" అన్నాను.

"పంపడమేంట్రా? నువ్వు రా. ఇద్దరం కలిసి వెళ్దాం. డబ్బు తీసుకున్నది నేనే కాబట్టి నేనూ వస్తాను. మాట మాత్రం నువ్వే చెప్పాలి."

జూన్‌లో సెలవు పెట్టాను. మావాడు తనూ వస్తానంటున్నాడు, తీసుకెళ్ళాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. చీరాలలో ఇల్లెక్కడో ఇంకా తెలియలేదు. నాన్న రోజూ సాయంత్రం సోడా కొట్టు దాకా నడిచి వెళ్ళి అడిగి వస్తున్నాడట.