ఆటకి కట్టిన మడి

"డబ్బు పుచ్చుకుంటే ఆట చెడిపోతుంది" అని నమ్మేవాళ్ళు దేవుణ్ణి నమ్మేవాళ్ళకన్నా ఎక్కువమంది ఉంటారని నా అనుమానం. మన హేతువాదుల్లోనూ ఉన్నారు. జాతకాలనీ, వాస్తునీ, బాబాల విభూదినీ చీల్చి చెండాడే మిత్రులే, అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడి కోట్లు తీసుకుంటున్నారనే వార్త చూడగానే "చదువుకునే పిల్లలకి డబ్బేమిటండీ, ఆట పవిత్రత ఏమైపోయింది" అంటున్నారు. పవిత్రత! ఆ మాట ఇంకెవరన్నా వాడితే, పవిత్రత అంటే ఏమిటి, దాన్ని దేనితో కొలుస్తావు అని లేచి అడిగేది వీళ్ళే కదా. నేను వీళ్ళని అదే అడగదలుచుకున్నాను.

వ్యవహారం తెలియనివారికి కొంచెం చెప్పాలి. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తటం, విసరటం, ఎదుటివాణ్ణి గుద్ది పడెయ్యటం. కాలేజీ జట్ల పోటీలంటే అక్కడ జనానికి పిచ్చి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షమందికి పైనే పడతారు. జట్టు గెలవాలంటే మంచి కుర్రాళ్ళు కావాలి. అందుకని వాళ్ళు హైస్కూల్లో ఉండగానే కోచ్‌లు ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. తెలుగువాళ్ళకి దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లవాడి ఇంటికి కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు వచ్చి కూర్చుంటారు చూడండి, అచ్చం అదే.

మరి ఆ టికెట్ల డబ్బూ, టీవీ డబ్బూ ఎవరికి చేరేది? ఆటగాళ్ళకి ఫీజు, హాస్టలు, భోజనం. అంతే, అంతకుమించి ముట్టుకుంటే వేటు. మిగతావాళ్ళకి అలాంటి నియమం లేదు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసి, కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఏడున్నర కోట్ల డాలర్లకి పైగా ఇవ్వటానికి సిద్ధపడింది. పని చెయ్యనక్కర్లేకుండా! జార్జియా కోచ్ కిర్బీ స్మార్ట్ జీతం 2024 నుంచి ఏడాదికి దాదాపు కోటీ 30 లక్షల డాలర్లు. దీనివల్ల ఆట మైలపడలేదట. మోకాలు విరగ్గొట్టుకునే పంతొమ్మిదేళ్ళ కుర్రాడి చేతిలో పది డాలర్లు పడితే మాత్రం మైల. పూజారి దక్షిణ పుచ్చుకోవచ్చు, డప్పు కొట్టినవాడు కూలి అడిగితే అపచారం.

ఈ పోలిక నేను ఊరికే తేలేదు. అమెచ్యూర్ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు చూడండి. ఇంగ్లండులో హెన్లీ పడవ పందేల వాళ్ళు 1879లో రాసుకున్న నిబంధన ప్రకారం కూలికి పనిచేసే మెకానిక్, చేతివృత్తివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాడు. పడవ నడిపి డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది కాదు ప్రశ్న. చేతులతో పనిచేసి బతికేవాడైతే చాలు, పందెంలోకి రాకూడదు. ఆస్తిపాస్తులున్న దొరలు తమ పోటీల్లోకి పనివాళ్ళు రాకుండా కట్టుకున్న గోడ అది. తరవాత ఆ గోడకి 'క్రీడా స్ఫూర్తి' అని సున్నం కొట్టారు. మనువు పేరు చెపితే భగ్గుమనే మనవాళ్ళు ఈ సున్నం చూసి దణ్ణం పెడుతున్నారు.

అమెరికాలో ఈ మడికి మంత్రం కూడా ఉంది. 'స్టూడెంట్ అథ్లెట్'. 1955లో కొలరాడోలో ఒక చిన్న కాలేజీకి ఆడుతూ రే డెనిసన్ అనే కుర్రాడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య కార్మికుల నష్టపరిహార చట్టం కింద పరిహారం అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యటం లేదు కాబట్టి ఆమెకి ఏమీ రాదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కాలేజీ క్రీడల సంఘం ఎన్.సి.ఎ.ఎ.కి అప్పట్లో పెద్ద వాల్టర్ బయర్స్. ఆటగాళ్ళని ఎక్కడ ఉద్యోగులనేస్తారో అన్న భయంతోనే ఆ మాటని తయారుచేసి అందరిచేతా పలికించామని 1995లో ఆయనే పుస్తకం రాసి చెప్పాడు. పూజారి రిటైరయ్యాక గర్భగుడి గుట్టు విప్పటమంటే ఇదే. అయినా భక్తులు మానలేదు, అది వేరే సంగతి.

పోనీ మడి నిజంగా పాటించారా? సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో 1985-86లో 13 మంది ఆటగాళ్ళకి మొత్తం 61,000 డాలర్లు చాటుగా ఇచ్చారు. బయటపడ్డాక ఎన్.సి.ఎ.ఎ. 1987లో ఆ జట్టుని మొత్తంగా ఆడనివ్వలేదు. ఆ చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తనకీ భాగముందని ఒప్పుకున్నవాడు యూనివర్సిటీ పాలకవర్గానికి అంతకుముందు అధ్యక్షుడు, అప్పటికి టెక్సాస్ గవర్నరు. శిక్ష ఎవరికి పడిందో చెప్పాలా? జట్టులో మిగిలిన కుర్రాళ్ళకి. ఆయన గవర్నరుగా పూర్తికాలం ఉన్నాడు.

ఇక మన పద్ధతిలో పరీక్షకి వద్దాం. నమ్మకం ఏదైనా సరే, జోస్యం చెప్పమనాలి, అది నిజమైందా లేదా చూడాలి. ఆటగాళ్ళకి డబ్బిస్తే జనం చూడటం మానేస్తారు, ఆట చచ్చిపోతుంది అని ఎన్.సి.ఎ.ఎ. ఏళ్ళ తరబడి కోర్టుల్లో జోస్యం చెప్పింది. 2021 జూన్ 21న ఆల్స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఆ సంఘానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ కేసు చదువుకి సంబంధించిన సౌకర్యాల వరకే అయినా మడికి చిల్లు పడింది. పదిరోజుల్లో, జులై 1 నుంచి, ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. 2025 జూన్ 6న హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం దొరికింది. 2025-26లో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్ళందరికీ కలిపి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. పాతవాళ్ళకి బాకీ కింద పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్లు.

ఆట చచ్చిందా? జనం మానేస్తారనుకుంటే టీవీ కంపెనీ లెక్కలేసుకుని తగ్గించాలి కదా. ఈ.ఎస్.పి.ఎన్. 2024లో ప్లేఆఫ్ పోటీల ఒప్పందాన్ని పొడిగించుకుంది, 2026 నుంచి ఏడాదికి దాదాపు 130 కోట్ల డాలర్లకి. ఉన్నవాళ్ళే ఎప్పుడూ గెలుస్తారన్న రెండో జోస్యం కూడా అంత బాగా ఏమీ లేదు. 2024 అక్టోబరు 5న నంబర్ వన్ అలబామాని వాండర్‌బిల్ట్ 40-35తో ఓడించింది. ఒక్క మ్యాచ్‌తో ఏదీ రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ ప్రళయం వస్తుందన్నవాళ్ళు తేదీ మార్చుకుంటూ పోవటం మనం ఇంతకుముందు చూసిందే.

అన్నట్టు ఇంకో సరదా. కాలేజీ మారే ఆటగాళ్ళలో చాలామంది "ఎంతో ప్రార్థించాక, దేవుడి సంకల్పం ప్రకారం" అని ప్రకటనలిస్తారు. ఆ సంకల్పం తక్కువ డబ్బిచ్చే కాలేజీవైపు తోసిన సందర్భం ఎవరికన్నా కనిపిస్తే నాకు రాయండి.

"గందరగోళం చూడలేదా? ఏటా జట్లు మారిపోతున్నారు, మాట తప్పుతున్నారు" అంటారు. చూశాను. జేడెన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్‌కి 2022లో ఫ్లోరిడాకి ఆడితే కోటీ 38 లక్షల డాలర్లు వస్తాయని ఆశపెట్టి చివరికి ఇవ్వలేదు. 2024లో అతను కోచ్‌మీద దావా వేశాడు. అదే ఏడు మాథ్యూ స్లూకా అనే కుర్రాడు, నోటిమాటగా చెప్పిన లక్ష డాలర్లు రాలేదని, మూడు మ్యాచ్‌లు ఆడి నెవాడా లాస్ వేగాస్ జట్టు వదిలేశాడు. ఈ రెండూ డబ్బు తెచ్చిన రోగాలా? లేక, ఇచ్చేది కాలేజీ కానట్టు, దాతలెవరో ఇస్తున్నట్టు నటించటంవల్ల వచ్చిన రోగాలా? ఏడున్నర కోట్లు పుచ్చుకున్న కోచ్‌కి ఈ బెడద రాలేదే. ఆయనకి కాగితం ఉంది. హౌస్ రాజీ కూడా ఆటగాళ్ళని ఉద్యోగులుగా ఒప్పుకోలేదు, బాకీలో సింహభాగం మగవాళ్ళ ఫుట్‌బాల్‌కీ, బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. అవి నాకూ నచ్చలేదు. కానీ అవి ఇంకా మిగిలిన మడి.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ రహీం సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడు. ఒలింపిక్స్ అప్పట్లో అమెచ్యూర్లకే. మరి పోలీసు ఆటగాళ్ళు? ఆట చూసి తీసుకుని ఉద్యోగమిచ్చినవాళ్ళు, నెలనెలా జీతం అందుకున్నవాళ్ళు. దానివల్ల వాళ్ళ ఆట ఎక్కడ చెడింది? ఆ జీతం, ఆ ఉద్యోగం కాగితంమీద ఉన్నాయి కాబట్టే పేద ఇళ్ళ కుర్రాళ్ళు ధైర్యంగా ఆడగలిగారు.

ఇప్పుడు మా ఊరు. నేనుండేది పుదుచ్చేరి పట్నంలో. ఫ్రెంచివాళ్ళ పాలన 1954లో పోయినా ఇక్కడ ఫుట్‌బాల్ పోలేదు. ఇది కాలితో తన్నేదే. సాయంత్రం ఉప్పళం స్టేడియం వైపు వెళితే చెప్పుల్లేకుండా ఆడే పిల్లలు కనిపిస్తారు. యానాం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నాకు తెలుసు. వాళ్ళబ్బాయి బాగా ఆడతాడు. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ కోచ్ ఇంటికొచ్చి "ఫీజు లేదు, హాస్టలు లేదు, అన్నీ మేమే చూసుకుంటాం, మా బిడ్డ లాంటివాడు" అన్నాడు. తండ్రి పొంగిపోయి కాఫీ ఇచ్చాడు. కాగితం అడగలేదు. బిడ్డ లాంటివాడన్నాక కాగితమేమిటి! రెండో ఏడు మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ ఖర్చు ఇంటివాళ్ళదే. ఆ తరవాత ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఆడనివాడికి రాయితీ వర్తించదు, రెండేళ్ళ ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళమని. కోచ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాతో మాట్లాడుతూ ఆ తండ్రి "డబ్బు కోసం ఆడినట్టు అవుతుందని అడగలేదండీ" అన్నాడు. మడి ఎవరికి పనికొచ్చిందో చూడండి.

సర్కారు డబ్బిస్తే ఎవరికీ మైల అంటటం లేదు. ఖేలో ఇండియాకి ఎంపికైన పిల్లలకి నెలకి 10,000 రూపాయలు చేతి ఖర్చుకి ఇస్తున్నారు, బ్యాంకులో పడుతుంది. ఎవరి ఆట చెడింది?

పీఆర్వోల సంగతి మొదట్లో ఎత్తాను. అక్కడా ఇదే దొంగాట. ముందే చురుకైన పిల్లల్ని ఫ్రీ సీటిచ్చి తెచ్చుకుంటారు, కొన్నిచోట్ల పైన ఇంకొంత. ర్యాంకు రాగానే టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని అరుస్తారు. బాగుపడేవాళ్ళని ఏరి దగ్గర పెట్టుకుని మహిమ అని చెప్పుకునే బాబాకీ వీళ్ళకీ తేడా నాకు కనపడదు. ఆ ర్యాంకర్‌కి ఎంత ఇచ్చారో బయటపెడితే, పక్క సెక్షన్‌లో లక్షలు పోసి చేర్చిన తండ్రికి తను దేనికి చెల్లిస్తున్నాడో తెలిసిపోతుంది. అందుకే అది చెప్పరు. అమెరికాలో ఇప్పుడు 600 డాలర్లు దాటిన బయటి ఒప్పందాన్ని ఆటగాడు నమోదు చెయ్యాలి. మనకి ఆపాటి లెక్క కూడా లేదు.

నేను ఒక పేజీ కాగితం తయారుచేశాను, తెలుగులో, తమిళంలో. ఆట చూసి సీటిస్తామని వచ్చే ఏ కాలేజీవాళ్ళ ముందైనా పెట్టటానికి. అందులో నాలుగే ప్రశ్నలు. ఏడాదికి ఎంత విలువైన రాయితీ? దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది? ఆడలేకపోతే చదువు పూర్తయ్యేదాకా రాయితీ ఉంటుందా? మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు ఇస్తారా? కింద కోచ్ సంతకం కాదు, రిజిస్ట్రార్ సంతకం. ఇప్పటికి ముగ్గురు తండ్రులకి ఇచ్చాను. ఇద్దరు అడగటానికి మొహమాటపడ్డారు. ఒకాయన అడిగాడు, ఆ కాలేజీవాళ్ళు ఇంకా జవాబివ్వలేదు.