నాపరాయి గుట్టలకు ఎస్టిమేట్లలో చోటివ్వండి

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల: ఈ నాలుగు ఊళ్ల చుట్టూ ఏ దారిన వెళ్లినా నాపరాయి ముక్కల గుట్టలు కనిపిస్తాయి. గనిలో పొరలు పొరలుగా లేచే రాయిలో చదరంగా, ఒకే మందంతో తెగిన బండకే బేరం. పగిలిన పెళ్లలు, కోతలో రాలిన అంచులు, మందం కుదరని ముక్కలు అన్నీ వేస్టు కింద లెక్క. అవి పొలం గట్ల మీద, వంకల్లో, వదిలేసిన గనుల ఒడ్డున పేరుకుపోతున్నాయి. పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి బురద ఎండాక గాలికి లేచి పక్క చేలో శనగ మీద పడుతుంది.

ఆ ఊళ్లలోనే సిమెంటు రోడ్డు వేయాలంటే మాత్రం క్రషర్ నుంచి కంకర తోలిస్తాం. ఆ కంకర కోసం ఇంకో చోట ఇంకో కొండను పేలుస్తాం. ఇది నాకు మింగుడుపడదు.

ఈ రాయి చెత్త కాదు. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలుచుకునే సున్నపురాయి ఇది. మన సీమలోని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయిని నమ్ముకునే. పాత మిద్దె పడగొట్టినప్పుడు మన పెద్దలు ఒక్క రాయి కూడా పారేసేవాళ్లు కాదు, అది కొత్త గోడలోకో దొడ్డి ప్రహరీలోకో చేరేది.

‘వేస్టు రాయితో కాంక్రీటు నిలబడుతుందా?’ అని మేస్త్రీలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నాపరాయి పొరల రాయి కాబట్టి కొడితే బిళ్లలుగా విరుగుతుంది. బిళ్ల ముక్కలు కాంక్రీటులో పడుకుంటాయి, వాటి అడుగున నీరు చేరుతుంది, అక్కడ సిమెంటు పట్టు తప్పుతుంది. అందుకే బిళ్లగా, పొడుగ్గా ఉన్న ముక్కలు రెండూ కలిపి 40 శాతం దాటకూడదని ఐఎస్ 383 ప్రమాణం చెబుతోంది. ముక్కను ముక్కతో ఢీకొట్టించి గుండ్రంగా తీర్చే ఇంపాక్ట్ క్రషర్ వాడితే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. అంటుకున్న దుమ్మును కడగాలి, లేదా జల్లెడ పట్టాలి. పాలిష్ బురదను అసలు కలవనివ్వకూడదు. ఇక అరుగుదల. చక్రాలు తిరిగే పైపొరకు వాడే కంకరలో అది 30 శాతం లోపు ఉండాలి, మిగతా కాంక్రీటుకు 50 శాతం వరకు ఒప్పుకుంటారు. రాయి గుణం గని గనికీ మారుతుంది. కాబట్టి ఏ గుట్ట రాయి ఎక్కడికి పనికొస్తుందో పరీక్షే తేల్చాలి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2016లో ఐఎస్ 383ని సవరించినప్పుడు కూల్చిన కాంక్రీటు నుంచి తీసిన కంకరకు కూడా తలుపు తెరిచారు. ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, ఎం25 గ్రేడు వరకు ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం, పునాది అడుగున వేసే పలుచని కాంక్రీటులో మొత్తం అదే వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు కూల్చిన ఇళ్ల శిథిలాలనే మరాడిస్తున్నాయి. నాపరాయికి ఆ పరిమితులు కూడా వర్తించవు. అది భూమిలోంచి నేరుగా వచ్చిన రాయి, మామూలు కంకరకు పెట్టే పరీక్షలు నెగ్గితే చాలు. ఒకసారి వాడి కూల్చిన కాంక్రీటునే నమ్మగలిగినవాళ్లం, సిమెంటు మరకైనా అంటని రాయిని ఎందుకు నమ్మం?

ఎస్టిమేటులో రాయనిది సైటు మీదికి రాదు. కాంట్రాక్టరును తిట్టి లాభం లేదు, ఇంజనీరును నిందించీ లాభం లేదు. పనుల ధరల పట్టికలో ‘నాపరాయి వేస్టు కంకర’ అని ఒక పద్దు, దానికో రేటు ఉండాలి. ఈ గుట్టల నుంచి తీసే రాయి మీద ప్రభుత్వం సీనరేజీ రుసుము అడగకూడదు. రాయి బరువు సరుకు, దాని ధరను తేల్చేది డీజిలే. అందుకే దీన్ని అమరావతికి తోలే ఆలోచనలు నాకు నచ్చవు. గుట్ట ఉన్న మండలంలోనే కాలువలకు, ప్రహరీ పునాదులకు, సీసీ రోడ్ల అడుగు పొరకు వాడాలి. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉన్నదే గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం. ఆ నిధితో బేతంచెర్లలోనో కొలిమిగుండ్లలోనో ఒక ఇంపాక్ట్ క్రషర్ పెట్టించడం ప్రభుత్వానికి మోయలేని భారం కాదు.

మొదటి పనికి పోసిన కాంక్రీటు నుంచి క్యూబులు తీసి, 28 రోజులకు కర్నూలులోనో కడపలోనో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నొక్కించి చూడాలి. వచ్చిన అంకెలను ఆ ఊరి సచివాలయం గోడ మీద అంటించాలి. మేస్త్రీలకు జవాబు అక్కడ దొరకాలి.