ఉమ్మడి సొత్తుకు కట్టుబాటు వద్దా?

ఒకరు చేసిన కిటికీని ఇంకొకరు ఎత్తుకుపోతే దొంగతనం అంటాం. కంప్యూటర్‌లో చేసిన కిటికీని ఎత్తుకుపోతే మాత్రం ‘షేరింగ్’ అని ముద్దుగా పిలుచుకుంటాం. మన కాలేజీలో దీన్ని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు కనుక ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు.

ఇతర శాఖల మిత్రుల కోసం ముందుగా ఒక వివరణ. 1982లో ఆటోకాడ్ వచ్చిన కొత్తలో తలుపు అంటే కొన్ని గీతలు. 2000లో వచ్చిన రెవిట్‌లో తలుపుకు వెడల్పు, ఎత్తు, కర్ర రకం, గాజు మందం, మంటను ఎంతసేపు ఆపగలదన్నదీ అన్నీ అందులోనే ఉంటాయి. ఒక అంకె మారిస్తే బొమ్మ దానంతటదే మారుతుంది. దీన్నే ‘ఫ్యామిలీ’ అంటారు. మంచి ఫ్యామిలీ చేయడానికి రెండు మూడు రాత్రుళ్లు పడుతుంది. కాజేయడానికి రెండు క్షణాలు చాలు. ప్రాజెక్టు ఫైలు ఎవరి చేతికిస్తే వాళ్లు అందులోని ఫ్యామిలీని విడిగా తెరిచి తమ పేరున దాచుకోవచ్చు.

మూడో సంవత్సరంలో నేను చేసిన జాలీ కిటికీని ఒక మిత్రుడికిచ్చాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, అతను పదిమందికి పంచాడు. తర్వాత ట్రైనింగుకు వెళ్లిన ఆఫీసులో అదే కిటికీ ఎదురైంది. అల్లిక నాది, కొలతలు నావి, పేరు మాత్రం ఆ ఆఫీసుది. అడిగితే “ఇవన్నీ అందరివీనయ్యా” అన్నారు. అందరిదే అయితే దాని మీద మీ పేరెందుకండీ?

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టం డ్రాయింగును కళాకృతిగా గుర్తిస్తుంది. అయితే ఒట్టి ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శ్రమ ఒక్కటే చాలదు, కాస్తయినా సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. కాబట్టి 900 మిల్లీమీటర్ల వెడల్పు, 2100 ఎత్తు ఉన్న మామూలు తలుపు నా సొంతమంటే నవ్వుతారు. నవ్వాలి కూడా! సొంత అల్లికతో చేసిన జాలీ సంగతి వేరు.

ట్రైనింగుకు వెళ్లేవాళ్లు 17వ సెక్షన్ తప్పక చదవాలి. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగిగా గానీ అప్రెంటిస్‌గా గానీ పనిలో భాగంగా చేసినదానికి యజమానే తొలి హక్కుదారు. కాని అంతకుముందు కాలేజీలో చేసుకున్నది, వాళ్ల కంప్యూటర్‌లో వేసినంత మాత్రాన వాళ్లదైపోదు. హక్కు అమ్ముకున్నా, ఇది నేను చేశానని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది.

అయితే తాళం వేసి దాచుకుందామా? నేనొప్పుకోను. నాకు మెట్లు కట్టడం నేర్పినవి సీనియర్ల ఫైళ్లే. మన పల్లెల్లో చెరువు అందరిదే. అయినా ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడటానికి నీరటి ఉండేవాడు. ఉమ్మడి అంటే అడిగేవాడు లేనిదని కాదు, అందరూ ఒప్పుకున్న కట్టుబాటు ఉన్నదని.

ఇందులో పేరుకు మించిన సంగతి ఒకటుంది. మంటను రెండు గంటలు ఆపే తలుపని ఫ్యామిలీలో రాసి ఉంటే, కట్టేవాళ్లు ఆ అంకెను నమ్ముతారు. మధ్యలో ఎవరో దాన్ని మార్చి, మార్చినట్లు చెప్పకపోతే? పేరు చెరిపేస్తే జవాబు చెప్పేవాడుండడు. పాత పేరే మిగిలితే ఒకరి తప్పు మరొకరి నెత్తిన పడుతుంది. ప్రాణాలతో వ్యవహారం ఇది.

క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా సులువైనది చెప్పేది ఇంతే: వాడుకో, చేసినవాళ్ల పేరు చెప్పు, మార్చితే మార్చానని చెప్పు. మనకూ అదే చాలు. యూనియన్ ఒక ఉమ్మడి లైబ్రరీ, దానికొక రిజిస్టరు పెట్టాలి. ప్రతి ఫ్యామిలీలోనూ చేసినవారి పేరు, తేదీ, షరతు, మార్చినవారి పేరు ఉండాలి. చూసుకోవడానికి మాత్రమే అడిగే బయటివాళ్లకు ఐ.ఎఫ్.సి. ఫైలు ఇస్తే సరిపోతుంది. ఆకారం, వివరాలు వెళతాయి. అంకెతో పాటు బొమ్మ మారే కిటుకు మన దగ్గరే ఉంటుంది. మార్కులు వేసేముందు “ఇది ఎవరి ఫ్యామిలీ?” అని మాస్టార్లు ఒక్కమాట అడిగితే సగం పని అయినట్లే.

దీనికి నిధులు అక్కర్లేదు, సమ్మె అంతకన్నా అక్కర్లేదు. వచ్చే జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే పెడతాను. బలపరిచేవాళ్లు కావాలి.