డెజావూకి దిక్కెవరు?

మొన్న మా అన్నయ్య కొడుక్కి పాత ‘భారతి’ సంచిక ఒకటి పంపాను. పది నిమిషాల్లో ఫోను. ‘‘బాబాయ్, నువ్వు పంపిన ఫైలు పాడైపోయింది. ఓపెన్ కావట్లేదు. పీడీఎఫ్ ఉంటే పంపు.’’ పాడవలేదురా, అది డెజావూ ఫైలు అన్నాను. ‘‘అదేంటి, వైరస్సా?’’ అన్నాడు.

ఫ్రెంచిలో డెజావూ అంటే ‘ఇంతకుముందే చూసినది’ అని. ఎవరూ తెరిచి చూడని ఫైలుకి ఆ పేరు ఏ ముహూర్తాన పెట్టారో!

వాడిని అని లాభం లేదు. కంప్యూటరు కంపెనీలూ ఫోన్ల కంపెనీలూ కలిసి ఇరవయ్యేళ్లుగా నేర్పిన పాఠం అది: తెలియని తోక (ఎక్స్‌టెన్షన్) ఉన్న ఫైలు కనిపిస్తే అది చెడ్డదే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, ఫోను దాన్ని తెరవదు, ఏది తెరుస్తుందో చెప్పనూ చెప్పదు.

స్కాన్ చేసిన పేజీలను కుదించి దాచే ఈ డెజావూ పుట్టుక తక్కువదేం కాదు. 1996 ప్రాంతంలో అమెరికాలోని ఏటీ అండ్ టీ ప్రయోగశాలలో యాన్ లెకూన్, లియోన్ బొటూ, పాట్రిక్ హాఫ్నర్ మొదలైనవాళ్లు దీన్ని మొదలుపెట్టారు. లోపల అంకెల్ని కుదించే పద్ధతిలో యోషువా బెంజియో చెయ్యి కూడా ఉంది. లెకూన్, బెంజియోలకు 2018 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చిందని, కృత్రిమ మేధకు ఆద్యులని పత్రికలన్నీ రాశాయి. వాళ్లే ఒకప్పుడు పాత పుస్తకాల పేజీల కోసం తలలు బద్దలు కొట్టుకున్నారన్న సంగతి మాటవరసకైనా ఎవరూ ఎత్తరు.

రంగుల పేజీ ఒకదాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ముడిగా సుమారు 25 మెగాబైట్లవుతుంది. అప్పట్లో ఉన్నవి 56 కె మోడెములు. ఒక్క పేజీ దిగడానికి గంట. నెట్ సెంటర్లో గడియారం చూసుకుంటూ కూర్చున్నవాళ్లకు ఆ బాధ నేను చెప్పక్కర్లేదు. డెజావూ అదే పేజీని 40 నుంచి 80 కిలోబైట్లకు దించింది.

పేజీని పొరలుగా విడదీయడంలో ఉంది కిటుకంతా. సిరా వేరు, కాగితం వేరు. అక్షరాల ఆకారానికి మొత్తం 300 చుక్కల పదునూ ఉంచుతుంది. కాగితానికి అంత పదునెందుకు, 100 చాలు. సిరా రంగేమిటో గుర్తుపెట్టుకోవడానికి పాతిక చుక్కలైనా సరిపోతాయి. అందుకే పసుపెక్కిన కాగితం, చెదలు తిన్న అంచు, ఊరి గ్రంథాలయం కొట్టిన ఊదారంగు ముద్ర, ఎవరో పెన్సిలుతో గీసిన గీత, ఇవన్నీ పెద్ద ఖర్చు లేకుండా నిలుస్తాయి. అదే పుస్తకాన్ని ఉత్త నలుపు తెలుపుల్లో స్కాన్ చేసిన పీడీఎఫ్ చూడండి. ముద్ర పడిన చోట నల్లటి మచ్చ, దాని కింద రెండు పంక్తులు గోవిందా.

సిరా పొరలో చేసే పని ఇంకా ముచ్చటైనది. ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తే ఒక్కసారే దాచుకుంటుంది. మిగతా చోట్ల ‘ఫలానా ఆకారం, ఫలానా చోట’ అని రాసుకుంటుంది. పాత అచ్చాఫీసులో కంపోజిటరు చేసింది ఇదే కదా! కేసు ముందు నిలబడి గళ్లలోంచి టైపులేరి పేర్చేవాడు. ఫారం అచ్చయ్యాక వాటిని విడగొట్టి మళ్లీ ఏ గడిలోది ఆ గడిలో వేసేవారు. ఎప్పుడో చనిపోయిన కంపోజిటరు పేర్చిన పేజీని డెజావూ ఇన్నేళ్లకు మళ్లీ గళ్లలోకి సర్దుతుంది. గుణింతాలూ వత్తులూ ఉన్న మన లిపికి గళ్లు కాస్త ఎక్కువ కావాలి, అంతే. ఇలాంటి పనిమంతుణ్ణి మనం గుమ్మంలోంచే వెళ్లగొడుతున్నాం.

లోపం లేదని అనను. ఆకారాలు దగ్గరగా ఉంటే సరిపెట్టేసుకోమని వదిలేస్తే ‘ద’కీ ‘ధ’కీ తేడా పోయే ప్రమాదముంది. కానీ అది స్కాన్ చేసినవాడి ఎంపిక, ఏదీ వదలకుండా దాచే దారీ ఉంది. పైగా ఈ పద్ధతికి తోబుట్టువైన జేబిగ్2 పీడీఎఫ్‌లోనూ ఉంది. 2013లో జర్మనీలో కాపీ యంత్రాలు 6ని 8గా మార్చిన గొడవకు కారణం అదే. దానికి పీడీఎఫ్‌ను ఎవరూ వెలివేయలేదు.

మావాడి ఫైలు సంగతి చెబుతాను. ముందు దాన్ని నోట్‌ప్యాడులో తెరవమన్నాను. చెత్త అక్షరాల మధ్య అన్నిటికంటే ముందు ‘ఏటీ&టీ’ అని, వెంటనే ‘ఫార్మ్’ అని ఇంగ్లీషులో కనిపిస్తే అది అసలైన డెజావూ. శాతం గుర్తూ, పీడీఎఫ్ అన్న మాటా ఉంటే ఎవరో తోక మార్చారు, సరిచేస్తే చాలు. హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే పుస్తకం బదులు వెబ్ పేజీ దిగిందన్నమాట. మొదలు బాగానే ఉండి చివరి పేజీలు తెల్లగా వస్తే డౌన్‌లోడు మధ్యలో తెగింది. ఫైలు నాలుగైదు కిలోబైట్లే ఉంటే అది ఉత్త విషయసూచిక. పేజీలు వేరే ఫైళ్లుగా ఉంటాయి, అవన్నీ ఒకే ఫోల్డరులో ఉంటే గానీ తెరుచుకోదు. తోకను జేపెగ్ అని మార్చి తెరవాలని మాత్రం చూడకండి, పేరు మార్చుకున్నంత మాత్రాన మనిషి మారడు. విండోస్‌లో సుమత్రా పీడీఎఫ్, లినక్సులో ఒక్యులర్, ఆండ్రాయిడ్ ఫోన్లో రీడ్‌ఎరా దాన్ని చక్కగా తెరుస్తాయి. మావాడి ఫైలుకి రోగమేమీ లేదు. రీడ్‌ఎరా వేసుకున్నాక నిమిషంలో తెరుచుకుంది.

నా కడుపుమంట వేరే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ ఫైలుగా ఉన్న రోజుల్లో, ఒక పుస్తకం కోసం మూడు వందల సార్లు నొక్కినవాళ్లలో నేనొకణ్ణి. అప్పుడే వాటిని పుస్తకానికొక డెజావూగా కట్టి ఇచ్చుంటే ఎంత శ్రమ తప్పేది! తర్వాత బ్రౌజర్లు డెజావూను చూపే పాత ప్లగిన్లను తీసేశాయి. 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా కొత్త పుస్తకాలకు డెజావూ తయారుచేయడం ఆపేసింది. వికీసోర్సులో పేజీ బొమ్మ పక్కన పెట్టుకుని అచ్చుతప్పులు దిద్దేవాళ్లు మాత్రం ఇంకా దాన్ని వదల్లేదు.

పీడీఎఫ్‌గా మార్చేసుకుని అసలును పారేసేవాళ్లకు ఒక్క మాట. మామూలుగా మార్చే డీడెజావూ అనే పనిముట్టు బొమ్మల్నే తీసుకెళ్తుంది. వెతుక్కోవడానికి వెనక దాచిన అక్షరాల పొర రాదు. ఫైలు బరువూ చాలాసార్లు పెరుగుతుంది. కావాలంటే పీడీఎఫ్ చేసుకోండి, అసలును మాత్రం పక్కనే ఉంచండి. మీ పాత హార్డ్ డిస్కులో ఎక్కడైనా డెజావూ తోక కనిపిస్తే డిలీట్ కొట్టేముందు ఒక్కసారి తెరిచి చూడండి.